డాక్టరు నరసింహారావు గారి శిక్షణ

నరసరావుపేటలో డాక్టరు నరసింహారావుకు తెలియని రోగమంటూ లేదు. అంతుపట్టని ప్రతిదానికీ ‘నరాల బలహీనత’ అని పేరు పెట్టేవాడు. 1961 వేసవి సెలవుల్లో, గుంటూరులో వైద్యం చదువుతున్న జయరాజు ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చాడు. గురజాల మిషన్ బడిలో పంతులైన తండ్రి సామ్యేలు చేతులు జోడించి కుదిర్చిన ఏర్పాటది.

మూడు వారాల్లో డాక్టరు నేర్పిన పాఠాలు రెండు. రోగిని ముట్టుకోకుండా రోగం చెప్పడం ఒకటి. “ఎదురు ప్రశ్నేస్తే ఇంగ్లీషులో జవాబు చెప్పవోయ్. మళ్ళీ నోరెత్తరు,” అన్నది రెండోది. తక్కిన వేళంతా జయరాజు ఆయన సంచి మోస్తూ, ఆయన గొప్పలు వింటూ గడిపాడు.

ఒక ఉదయం నకరికల్లు నుంచి కూలిపని చేసుకునే రాఘవమ్మను మొగుడు బండి మీద తీసుకొచ్చాడు. దవడలు బిగుసుకుపోయాయి. మెడ వెనక్కి లాగేస్తోంది.

“దీంతో పోట్లాడావా?” అన్నాడు డాక్టరు, కుర్చీలోంచి లేవకుండానే. “ఇది హిస్టీరియా.”

“పోట్లాటేం లేదయ్యా. నిన్నటి నించి గంజి గూడా దిగట్లా,” అన్నాడు మొగుడు.

జయరాజు వంగి ఆమె పాదాలు పట్టుకుని చూశాడు. మడమలో ముల్లు దిగిన పుండు. దాని మీద పెట్టిన పేడ ఎండిపోయి ఉంది.

“సార్, ఇది ధనుర్వాతం. గుంటూరు పంపాలి.”

డాక్టరు పకపకా నవ్వి కాంపౌండరు వైపు తిరిగాడు. “విన్నావా షౌకత్? బడిపంతులు కొడుకు నాకు పాఠం చెప్తున్నాడు. ఒరేయ్, ఆ కాలు పట్టుకున్న చేత్తో నా సంచి ముట్టుకోమాక.”

“ముట్టుకోనండి. ఇవాల్టి నించి మీరే మోసుకోండి,” అన్నాడు జయరాజు.

షౌకత్ పరుగెత్తి గుంటూరు బస్సు ఆపించాడు. మొగుడూ జయరాజూ ఆమెను చెరోవైపు పట్టుకుని కూర్చున్నారు.

పెద్దాసుపత్రిలో విరుగుడు సీరం ఇచ్చారు. నర్సు దేవమ్మ కిటికీలు మూసి గది చీకటి చేసింది. “చప్పుడైతే ఒళ్ళు విల్లులా వంగిపోద్ది. చెప్పులిప్పి రా బాబూ,” అంది. రోగిని ఎలా కదపాలో, గొంతులో చేరిన కఫం ఎలా తీయాలో దగ్గరుండి చూపించింది. మిగిలిన సెలవులన్నీ జయరాజు ఆ గదిలోనే ఉండిపోయాడు. ఇరవయ్యో రోజున రాఘవమ్మ తనంతట తాను గంజి తాగింది.

ఆ వారమే సామ్యేలు సంబరంగా గుంటూరు వచ్చి, ఆసుపత్రి వరండాలో కొడుకు పక్కన కూర్చున్నాడు. “ఆ రోగం తనే కనిపెట్టి, నిన్ను తోడిచ్చి పంపానని డాక్టరుగారు పేటంతా చెప్తన్నారురా. నా శిష్యుడంటన్నారు. పోయి దణ్ణం పెట్టిరా.”

“ఆ రోగి పేరేందో ఆయన్నడుగు నాన్నా. చెప్పగలిగితే వస్తా.”

లోపల్నుంచి దేవమ్మ పిలిస్తే జయరాజు లేచి వెళ్ళాడు.