మూడు గీతలు

పదోసారి కూడా యంత్రం అదే చెప్పింది. వైసన్ కచాలె కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. తప్పు అద్దాలది కాదు. చింగాలె ఊళ్లో మూడు రోజుల వాన: 14.2, 3.6, 22.8. దాని కింద మ్పింగా: 14.2, 3.6, 22.8.

జోంబా పట్నంలోని ఆ వాన లెక్కల ఆఫీసులో ఆయనకిది ముప్పై ఒకటో ఏడు. వంగిన భుజాలు, కుడి మధ్యవేలి మీద పెన్ను ఒరిసి కాసిన కాయ. ఊళ్లలో వాన కొలిచేవాళ్లు పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ చేస్తే రిజిస్టరులో రాసేవాడు. ఆయన బదిలీ అడగలేదు, ప్రమోషన్ ఆయన్ని అడగలేదు. డిసెంబరు నుంచి ఆ అంకెలు సందేశాలుగా నేరుగా కంప్యూటరుకే వస్తున్నాయి. వాటిని పట్టికగా పేర్చే స్క్రిప్టు, అంటే కంప్యూటరుకిచ్చే ఆదేశాల వరస, ఆయనే రాయాలన్నారు. ఇవాళ మధ్యాహ్నంలోగా పట్టిక సరిగ్గా రాకపోతే, మిగిలిన రెండేళ్లూ స్టోర్సులో గొడుగులు, బూట్లు లెక్కపెట్టుకుంటూ గడపాలని అధికారి మర్యాదగానే చెప్పాడు. మర్యాదగా చెప్పినందుకే కచాలెకి ఎక్కువ మండింది.

ఫంక్షన్ తేలిగ్గానే పట్టుబడింది. పని ఎలా చెయ్యాలో ఒక్కసారి రాసి, దానికో పేరు పెట్టి, ఊరి పేరు చెప్పి పిలిస్తే చాలు. అది ఆ ఊరి ఫైలు తెరిచి, ఆ మూడు రోజుల అంకెలను 'వాన' అనే పేరులో దాచి, పట్టికలో వేస్తుంది. నలభై ఊళ్లకు నలభై సార్లు పిలిచాడు. ముప్పై తొమ్మిది ఊళ్లు బుద్ధిగా వచ్చాయి. మ్పింగా ఒక్కటే కొరకరాని కొయ్యయింది.

"రెండుచోట్లా ఒకేలా కురిసిందేమో బాంబో," అంది పక్క బల్ల దగ్గరి తియామికె. బాంబో అంటే అక్కడి మాటలో అయ్యా అని. ఆయనకు ఈ విద్య నేర్పుతున్నది ఆ పిల్లే. ఆయన కూతురికన్నా చిన్నది.

"మధ్యలో కొండుందమ్మాయ్. చింగాలెలో తడిసినవాడు మ్పింగాలో దుమ్ము దులుపుకుంటాడు. నా సర్వీసులో ఆ రెండూ ఒక్కరోజూ కలవలేదు."

ఇంటినుంచి తెచ్చుకున్న చిలగడదుంప ముట్టకుండానే చల్లారిపోయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు కీబోర్డును ఒక్క తోపు తోశాడు. తియామికె లేచి వచ్చి, దాన్ని మళ్లీ ముందుకు జరిపి, తెర మీద ఒక వరస చూపించింది.

"ఈ 'వాన' ఫంక్షన్ లోపలే పుట్టి లోపలే పోతుందనుకున్నారు మీరు. పోదు. మనం కట్టడి చెయ్యకపోతే బయటికొచ్చి కూర్చుంటుంది. తర్వాతి ఊరికి ఫైలు లేదనుకోండి, ముందు ఊరి అంకెలు అందులో ఇంకా ఉంటాయి కదా, వాటినే వేసేస్తుంది."

"ఈ ముక్క ముందే చెప్పి ఏడవొచ్చుగా."

"పోయిన వారం చెప్పాను. మీరు కునికిపాట్లు పడ్డారు."

ఆ పేరుకు ముందు 'లోకల్' అని రెండు వేళ్లతో కొట్టాడు. మళ్లీ నడిపాడు. చింగాలె అంకెలు చింగాలెలోనే ఆగాయి. మ్పింగా ఎదుట మూడు రోజులూ ఖాళీ. తియామికె నవ్వుతూ అధికారికి చెప్పడానికి వెళ్లింది. కుర్చీ దక్కింది గాని, కచాలె తెర మీంచి చూపు తిప్పలేదు.

ఆయన రిజిస్టరులో ఖాళీ ఉండేది కాదు. సున్నా వేస్తే ఎవరో చూశారు, వాన లేదని. గీత పెడితే అసలెవరూ చూడలేదని. మ్పింగాలో కొలిచేది ఎస్నాట్ అవ్వ. ఇరవై రెండేళ్లలో ఆమెకు ఒక్క గీతా పడలేదు. మలేరియాతో వణుకుతూ కూడా ఫోన్ చేసేది. ముందు వాన, తర్వాత మోకాలు, తర్వాత మేకలు, చివర్లో "గొంతు లావెక్కింది, తిండి తగ్గించు" అని ఒక చురక. ఆమెను చూసింది ఒక్కసారే, వానమాపకం పాతిన రోజు. డిసెంబరు నుంచి ఆమె అంకె యంత్రానికి వెళ్తోంది. ఒకసారి పలకరించాలని ఎన్నోసార్లు అనుకుని ఊరుకున్నాడు. ఇప్పుడు సిగ్గేసింది.

మ్పింగాకి ఫోన్ చేస్తే అవ్వ కోడలు ఎత్తింది. "అవ్వ సోమవారం సాయంత్రం పోయింది బాంబో. నిన్న మట్టి చేశాం."

ఇలాంటప్పుడు అనవలసిన మాటలు ఆయనకు తెలియనివి కావు. అయినా "వాన ఎంత పడింది?" అనేసి నాలిక కరుచుకున్నాడు.

ఆమె తప్పు పట్టలేదు. "ఎవరూ చూళ్లేదు. ఆ వాన సీసా ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాననేది కదా. అట్లాగే ఉంది."

ఫంక్షన్‌లో ఇంకో వరస చేర్చాడు: ఫైలు లేకపోతే గీత. అధికారి వచ్చి పట్టిక చూసి బాగుందన్నాడు. మ్పింగా దగ్గర ఈ మూడు గీతలేమిటని అడిగాడు. ఎవరూ చూడలేదండీ, అని మాత్రం చెప్పాడు కచాలె.

మ్పింగాలో అవ్వ వాకిట్లో, మేకలు దూరకుండా కట్టిన ముళ్లకంచె మధ్య, వానమాపకం అడుగున సీసాలో మూడు రోజుల వాన కలిసిపోయి అలాగే ఉంది.