ఎడమ పురి

నార కుచ్చును కుడిచేత్తో పట్టుకుని, జంపక్క ఎడమ అరచేత్తో కదురును తొడ మీద ఒక్కసారి దొర్లించి వదిలింది. కదురు గిర్రున తిరుగుతూ కిందికి జారింది. గోగునార సన్నగా మెలిపడి దారమైంది. పొద్దు ఇంకా తాడిచెట్ల తలలు దాటలేదు. సాయంత్రానికి భర్త దూలయ్యను భద్రాచలం దవాఖానా నుంచి ఇంటికి తెస్తున్నారు. ఈలోపల మంచం అల్లడం పూర్తి కావాలి.

డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడని కొడుకు ప్రభాకర్ ఎదురింటివాళ్ల సెల్లుకు ఫోను చేసి చెప్పాడు. ఇక దవాఖానాలో చేసేదేమీ లేదనే పొమ్మన్నాడని జంపక్కకు అర్థమైంది. కొన్ని సంగతులు అడక్కుండానే తెలుస్తాయి. ఆ ఫోనులోనే దూలయ్య ఒక మాట అడిగించాడు, నులక మంచం అయిందా అని. దవాఖానాలో ఇనప మంచం మీద నెల రోజులు పడుకున్న మనిషి అడిగింది అదొక్కటే. అల్లుతూ అల్లుతూ సగంలో వదిలేసి, దగ్గుతో దవాఖానాకు పోయింది అతనే మరి.

బూర్గంపాడు సంతలో నైలాన్ తాడు ఎంత కావాలంటే అంత దొరుకుతుంది. జంపక్క దాన్ని తేలేదు. ఎందుకంటే ఆ ఇంటి తాడు సంగతి వేరు.

ఆమెది ఎడమచేతి వాటం. అందరి కదురూ ఒక దిక్కు తిరిగితే ఆమెది ఇంకో దిక్కు తిరుగుతుంది, పురి కూడా అందరిదానికీ ఎదురే పడుతుంది. విడిగా చూస్తే తేడా తెలియదు. ఇంకొకరి పేటతో కలిపి పేనితేనే గుట్టు బయటపడుతుంది. ఒక పేట బిగుస్తుంటే రెండోది విచ్చుకుపోతుంది. కాపురానికి వచ్చిన ఏడాది ఆమె నార కలిపి పేనిన పలుపు ఊడిపోయి, ఎద్దు పరాయి మిరపచేలో పడింది. “ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి” అంటూ అత్త ఆమె దారపు ఉండను వాకిట్లోకి విసిరేసింది. చెయ్యి మార్చుకుందామని జంపక్క ఎంతో తంటాలు పడింది. కుడిచేత్తో వడికితే చిక్కు తప్ప దారం రాలేదు.

దూలయ్య ఎప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పసుల వెంట తిరిగి, తునికాకు కోసి, కూలికి పోయి బతికినవాడు. ఊళ్లో సగంమందికి అతని గొంతు ఎలా ఉంటుందో చప్పున గుర్తుకు రాదు. ఆ నెలంతా అడవిలో పసుల వెనక నడుస్తూ కదురును ఆమెలాగే ఎదురు దిక్కుకు తిప్పడం నేర్చుకున్నాడు. వేళ్లు బొబ్బలెక్కాయి. “పెండ్లాం చేతి వాటం నీగ్గూడ అంటుకున్నదిరో!” అని తోటి కాపర్లు ఏడిపించారు. నవ్వి ఊరుకున్నాడు. ఆనాటి నుంచి నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఏ తాడుకైనా ఒక పేట అతనిది, ఒక పేట ఆమెది. మంచాలకు గోగునార, వానకు కుళ్లకుండా మేక వెంట్రుకలు, కొడుకు మొలతాడుకు పత్తి. ఒకసారి బూరుగు దూది కూడా వడకాలని చూసి, కదురుకు ఒక్క పోగూ ఎక్కక, ముక్కుల నిండా దూది నింపుకుని ఇద్దరూ పొద్దుపోయేదాకా తుమ్మారు.

మధ్యాహ్నానికి మంచం కాళ్ల వైపు జానెడు మిగిలింది. జంపక్క దూలయ్య వడికి ఉంచిన ఉండలోంచి దారం తీసి, తన పేటతో కలిపి పేని, బిగించింది. చెయ్యి తీయగానే తాడు వదులైంది. మళ్లీ బిగించింది. మళ్లీ వదులైంది. దారాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని గోటితో విప్పి చూసింది.

“ఇది ఎవరు వడికిన్రే?”

కోడలు వనజ చాటతో అక్కడే ఆగిపోయింది. ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చి మూడు నెలలే అయింది. “నేనే అత్తా. మామ ఉండ అయిపోవచ్చిందని పొద్దుగాల్నే వడికి దానికే చుట్టిన. జల్దీ అయితదనుకున్న. నార ఒకటే గదా?”

జంపక్కకు ఒళ్లు మండిపోయింది. ఉండను విసిరేయడానికి చెయ్యి లేచింది కూడా. అలా లేచిన చెయ్యిని ఆమె ఇదివరకు ఒకసారి చూసింది. మెల్లగా దించుకుంది.

“నార ఒకటే బిడ్డా, పురి వేరు. నీది మంచిగనే ఉన్నది. నాదే అడ్డం. దీన్ని దాచిపెట్టు, మేకల పలుపుకు అక్కరకొస్తది.”

ఇక మిగిలింది చూరులో గుచ్చి ఉన్న దూలయ్య కదురు. దవాఖానాకు పోయిన రోజు వడుకుతూ వడుకుతూ అక్కడ గుచ్చి వెళ్లాడు. దాని మీద కొంత దారం ఉంది. నెల రోజులుగా జంపక్క దాన్ని ముట్టుకోలేదు. ఆ కదురు సగంలో ఉన్నంతకాలం నింపడానికి మనిషి వస్తాడని ఆమె నమ్మకం. ఈ నమ్మకం సంగతి ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు. ఇప్పుడు చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి తీసి, దారం విప్పింది. మొత్తం విప్పలేదు. వడికేవాళ్లు కదురును ఎన్నడూ బోడిగా ఉంచరు. మళ్లీ నార అతికించడానికి జానెడు ఉంచుతారు. ఆమె ఆ జానెడూ ఉంచి, కదురును చూరులోనే గుచ్చింది.

పొద్దు వాలుతుండగా ఆటో వచ్చింది. ప్రభాకర్ తండ్రిని రెండు చేతుల మీద దించాడు. అంత మనిషి ఇంత తేలికైపోయాడా అని జంపక్కకు ఏడుపొచ్చింది. దూలయ్య మంచం మీద వాలి, కళ్లు మూసుకుని, కాలి బొటనవేలితో కొత్త తాడును తడిమాడు.

“కదురు మీదిది గూడ తీసినవా?”

“అవ్. లేకుంటే ఎట్లయితది మరి.”

“మంచిగ బిగిసింది.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “గోగు నానేసినంక మల్ల నింపుదాం.”

జంపక్క జావ తేవడానికి లోపలికి వెళ్లింది. చల్లార్చి తెచ్చేసరికి అతని బొటనవేలు తాడుకు ఆనుకునే ఉంది. ఊపిరి లేదు.

మర్నాడు అతన్ని ఆ మంచం మీదే మోసుకుపోయారు. వాళ్ల ఆచారంలో మనిషితో పోయిన మంచం తిరిగి ఇంటికి రాదు. నారకు పురి పెడుతున్నంతసేపూ జంపక్కకు ఈ సంగతి తెలుసు. వాగు దాటి, గుట్ట ఎక్కి మంచాన్ని మోసి వచ్చిన ప్రభాకర్ కాళ్లు కడుక్కుంటూ తల్లితో అన్నాడు, “తాడు జరంత గూడ వదులు గాలేదే అమ్మా.”

ఇల్లు అలుకుతున్న వనజ చూరు వైపు చూసింది. “దీన్ని ఏం జేద్దాం అత్తా?”

“ఉండనియ్యి.”

తాటాకుల సందున దూలయ్య కదురు గుచ్చి ఉంది. దానికి జానెడు దారం వేలాడుతోంది, అందరి పురికీ ఎదురు పురితో.