బోనులో ఆగిపోయిన పిల్ల

సీరియల్లో బస్సు నడిపే పిల్ల సాక్షి బోనెక్కింది. దొంగ సాక్ష్యాలు చెప్పించినవాడు తన సొంత అన్నేనని ఆమెకి తెలుసు. జడ్జి తలెత్తి చూశాడు, ఆమె నోరు తెరిచింది, అక్కడితో ఆ రోజు భాగం అయిపోయింది. మర్నాడు సాయంత్రం అత్తాకోడళ్ళు పనులన్నీ ముగించుకుని టీవీ ముందు కూర్చుంటే, కథ మళ్ళీ మొదటినుంచీ మొదలైంది. తెర అడుగున ఏవో అక్షరాలు పరుగెత్తాయి.

"ఏంటది? చదువు," అంది అత్తగారు.

"రచయితలు సమ్మె చేస్తున్నారట అత్తయ్యా. కొత్తవి రావట."

"రాసేవాళ్ళకి ఇప్పుడే రావాలా ఈ రోగం? ఆ పిల్లని బోనులో నిలబెట్టి వాళ్ళ దారిన వాళ్ళు పోతారా?"

కోడలికీ ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో ఆ సీరియల్ లేకపోతే మాటే లేదు. పెళ్ళయిన కొత్తలో ఆమె కళ్ళద్దాల షాపులో పనికి వెళ్తానంది, అత్తగారు వద్దంది, ఆమె వెళ్ళింది. అప్పటినుంచీ గ్యాసు అయిపోయిందనో, కుళాయి కారుతోందనో తప్ప ఇద్దరి మధ్యా పలుకు ఉండేది కాదు. ఒక సాయంత్రం అత్తగారు టీవీ వైపే చూస్తూ, "ఆ అన్న మంచివాడు కాదు, చూస్తూ ఉండు," అంది. "నాకూ అనుమానంగానే ఉంది," అంది కోడలు. అలా మొదలైంది. రాత్రి షిఫ్టు చేసే కొడుకు అది చూసి, రాసినవాళ్ళ కాళ్ళు కడిగినా తప్పులేదని నవ్వేవాడు.

ఇప్పుడు మళ్ళీ ఇల్లు మూగబోయింది.

షాపులో కోడలిది ఫ్రేముకి సరిపోయేలా అద్దాల అంచులు అరగదీసే పని. అక్కడి క్యాషియరమ్మాయికి కూడా ఆ సీరియలంటే పిచ్చి. ఫోన్లో అభిమానుల గ్రూపు నడిపేది ఆమే. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తూనే అందుకుంది.

"గొడవంతా ఆన్‌లైన్ వీడియోల గురించే అక్కా. టీవీకి రాసినందుకు వాళ్ళకి ఒక్కసారి డబ్బిచ్చి చేతులు దులుపుకుంటారు. తర్వాత అదే భాగాన్ని ముక్కలు చేసి నెట్‌లో పెడతారు. మనం నొక్కినప్పుడల్లా ముందు ప్రకటన వస్తుంది కదా, ఆ డబ్బంతా చానల్‌కే. రాసినవాళ్ళకి చిల్లిగవ్వ రాదు."

"మరి అడగొచ్చుగా?"

"అడిగారు. వీడియోల మీద ఏమీ మిగలదు, అదంతా ఉత్త ప్రచారం అన్నారట చానల్‌వాళ్ళు. మిగలకపోతే పొద్దస్తమానం ఎందుకు పెడుతున్నట్టు?"

గ్రూపులో సగంమంది రచయితల్ని తిడుతున్నారు, మిగతావాళ్ళు చానల్‌ని తిడుతున్నారు. కొట్లాడి కొట్లాడి, సమ్మె తేలేదాకా ఎవరూ వీడియోలు చూడకూడదని తీర్మానించుకున్నారు. కోడలు సరేనంది కానీ, ఆమె మనసు ఇంటి మీదికి పోయింది. అత్తగారు మధ్యాహ్నమంతా ట్యాబ్‌లో ఆ బోను సన్నివేశమే మళ్ళీ మళ్ళీ చూస్తోంది. చూడడం నేర్పింది తనే.

ఆ సాయంత్రం నెమ్మదిగా సంగతి చెప్పి, "కొన్నాళ్ళు చూడకండి అత్తయ్యా," అంది.

"నేను చూడకపోతే వాళ్ళ కడుపు నిండుతుందా?"

"చూస్తే చానల్ కడుపు నిండుతోందిగా."

అత్తగారు ట్యాబ్ ఒళ్ళో పడేసింది. "మీ మామగారి కుట్టు షాపు బోర్డు మీద ఎవరి పేరుండేది?"

"మామయ్యగారిది."

"జాకెట్ల మెడలకి కొత్త మోడళ్ళు కత్తిరించిందెవరు? నేను. లోపలి గదిలో కూర్చుని కత్తిరించేదాన్ని. ముందు గదిలో జనం ఆయన పనితనాన్ని పొగుడుతుంటే అన్నీ వినపడేవి. పక్క వీధివాళ్ళు నా మోడళ్ళు ఎత్తుకెళ్ళి కుడితే, ఆయన మోడళ్ళు కొట్టేశారన్నారు. నేనెవర్ని వాటా అడిగాను? ఒక్కపూటైనా కత్తెర కిందపెట్టానా?"

"పెట్టాల్సింది అత్తయ్యా."

"పెట్టాల్సిందట. చెప్పొచ్చావు." అత్తగారు ట్యాబ్ తీసి పక్కన పెట్టింది. కోడలు దగ్గరికి జరగబోతే, "నీ జాలి నాకక్కర్లేదు," అంటూ లేచి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచీ ట్యాబ్ బీరువా మీదే ఉంది. దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

సమ్మె తేలలేదు. చానల్ ఎవరినో తీసుకొచ్చి రాయించి, కొత్త భాగాలు వేయడం మొదలుపెట్టింది. అత్తాకోడళ్ళు ఎంత కాదనుకున్నా ఉండబట్టలేక టీవీ పెట్టారు. బస్సు నడిపే పిల్ల బోనులో నిలబడి అన్న వైపు చూసింది. వెక్కి వెక్కి ఏడ్చి, కళ్ళు తిరిగి పడిపోయింది. ఆమె ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి కేసు కొట్టేశారు.

"ఇది ఆ పిల్ల కాదు," అంది అత్తగారు. "బ్రేకులు పోయిన బస్సుని నిలబెట్టిన పిల్ల ఏడ్చి పడిపోవడమేంటి? ఆ ట్యాబ్ ఇటు తే. వాళ్ళకి రాయి."

ఆమె చెబుతుంటే ఆ భాగం వీడియో కింద కోడలు టైపు చేసింది. ముందు రాసినవాళ్ళనే పిలిపించండి, వాళ్ళ వాటా వాళ్ళకివ్వండి, మా పిల్లని మాకివ్వండి. కాసేపటికి చూస్తే ఆ మాటలు లేవు, ఎవరో తీసేశారు. మళ్ళీ రాస్తే మళ్ళీ తీసేశారు. మూడోసారికి అసలు రాసే చోటే మూసేశారు.

"మరి ఎక్కడ రాయాలి?"

"ఏమో అత్తయ్యా. ఇంకో దారి లేదు."

అత్తగారు టీవీ కట్టేసింది.

"అసలైతే ఆ పిల్ల ఏం చెప్పుండేదంటావ్?" అని కోడల్ని అడిగింది.

"నిజమే చెప్పుండేది. అన్న పేరు పెట్టి మరీ."

"అబ్బే. ముందు అన్నని ఒక మాట అడుగుతుంది."

"కోర్టులో అడగనివ్వరు."

"సీరియల్లో ఎందుకడగనివ్వరు? నీకు కథ కట్టడం రాదు."

"మీకు మాత్రం వచ్చా అత్తయ్యా?"

"రాదనేగా నా ఏడుపు," అని విసుక్కుంది అత్తగారు. "సరే, అడగనివ్వరే అనుకుందాం. అప్పుడేం చేస్తుంది, చెప్పు."