నడిమి ముక్క

నలభయ్యో రోజున పోయినవాళ్ళకి ఇష్టమైనది సమాధి దగ్గర పంచాలి. ఊళ్ళో ఎవరింట్లోనైనా అదే ఆచారం. అందుకే గోధుమలు కడుగుతున్న రుమ్యానా గిన్నెలోంచి తలెత్తకుండానే అడిగింది.

"అత్తయ్యకి ఏమిష్టం?"

గడ్డం గీసుకుంటున్న వెల్కో అద్దంలోంచే జవాబిచ్చాడు. "జున్ను పెట్టిన బనిత్సా రొట్టె. పొరలు పొరలుగా ఎంత బాగా చేసేదనీ!"

"అది నీకిష్టం. ఆవిడకేమిష్టం అని అడుగుతున్నా."

భార్య ఏదో తిరకాసు లెక్క అడిగినట్టు మొహం పెట్టాడు. "ఏది మిగిలితే అది తినేది. మా అమ్మకి తిండి దగ్గర పేచీల్లేవు."

వరండాలోంచి మామగారు టోన్యో అందుకున్నాడు. "మిరపకాయల్లో బియ్యం కూరి వండు అమ్మాయ్. నెద్యల్కా పోయాక మళ్ళీ అది నోటికి తగల్లేదు."

పెళ్ళాం పేరు చెప్పి కూడా తన నాలుకకే వడ్డించమంటున్నాడు మహానుభావుడు. రుమ్యానాకి ఒళ్ళు మండింది. అయినా మిరపకాయలు తీసి కడిగింది. కడుగుతూ ఉంటే అత్తగారి చేతులే గుర్తొచ్చాయి. తెల్లవారుజామున నుదుటికి దీపం కట్టుకుని పొగాకు కోయడానికి వెళ్ళేది నెద్యల్కా. ఎండెక్కితే ఆకు వాడిపోతుంది కదా. మధ్యాహ్నం దాకా ద్రాక్షపందిరి కింద కూర్చుని ఆరబెట్టడానికి ఆ ఆకుల్ని మూరెడు సూదికి గుచ్చేది. మధ్యలో లేచి వంట, మేకలు, బట్టలు. ఆకు జిగురు చేతులకి పట్టి తారులా నల్లబడేది. పచ్చి టమాటాలతో తోముకుంటే కాస్త వదిలేది, మర్నాటికి మళ్ళీ మామూలే. చుట్టాలొస్తే ఆ చేతుల్ని ఏప్రన్ కింద దాచుకునేది. "ఆ చేతులతో రొట్టె విరవకు, చూసేవాళ్ళకి తిండి సహించదు" అనేవాడు టోన్యో. ఆ చేతులు కోసిన పొగాకుతోనే తన ఇంటికి కప్పు పడిందని ఆయనకి ఏనాడూ గుర్తు రాలేదు.

చేలోనే పోయింది. చాళ్ళ మధ్య కూలబడింది. పక్క చాల్లోంచి చూసిన మొగుడు, కూర్చుందనుకున్నాడు. "ఎండెక్కుతోంది నెద్యల్కా, లే!" అని కేకేశాడు. కదలకపోతే ఇంకా గట్టిగా కేకేశాడు. తర్వాత వచ్చినవాళ్ళందరికీ కళ్ళొత్తుకుంటూ చెప్పుకున్నాడు, "పనిలోనే పోయింది, ఎంత పుణ్యాత్మురాలో!" అని. ఆ రోజు ముందు గదిలో శవం ఉంది, పెరట్లో కోసిన ఆకు కుప్పగా ఉంది. కుప్ప వేడెక్కి కుళ్ళిపోతుందని అత్తగారి సూదిని తెచ్చి కోడలి చేతిలో పెట్టాడు. "ఇకనించి ఇది నీది." పక్క గదిలో ఆడవాళ్ళు శోకాలు పెడుతుంటే రుమ్యానా ఆకులు గుచ్చింది. ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు.

పట్నంలో కుట్టు మిషను పనికి సెలవు పెట్టింది అప్పుడే. "నలభై రోజులు కానీ, చూద్దాం" అన్నాడు వెల్కో. నిన్న రాత్రి భోజనాల దగ్గర మాట మార్చాడు. "ఎవరి చొక్కాలో కుట్టే బదులు మన పని మనం చేసుకుంటే పోలా? అమ్మ చెయ్యలేదూ?" పొద్దున గేటుకి నలభయ్యో రోజు మరణప్రకటన అంటించి వచ్చాడు. నెద్యల్కా ఫొటో, కింద మూడు ముక్కలు: కష్టజీవి, కుటుంబం కోసమే బతికింది, ఏనాడూ నోరెత్తలేదు. "బాగా రాశాను కదూ? ఒకటి దాచు, పేరు మారిస్తే నీకూ పనికొస్తుంది" అని నవ్వాడు. హాస్యమాడాననే అనుకున్నాడు పాపం.

అత్తయ్యకి ఏమిష్టమో తనకి తెలుసు. ఎవరైనా చెబుతారేమో చూద్దామనే అడిగింది.

రెండేళ్ళ కిందట మగవాళ్ళు సంతకి వెళ్ళిన పూట, నెద్యల్కా ఆమెని పొగాకు ఆరబెట్టే పాక వెనక్కి లాక్కెళ్ళింది. పుచ్చకాయని మోకాలి మీద పగలగొట్టి, గింజల్లేని నడిమి ముక్కని ఆ నల్లటి చేతులతోనే పెళ్ళగించింది. "ఇది ఎప్పుడూ వాళ్ళ పళ్ళేల్లోకే పోతుంది. పెళ్ళయ్యాక తినడం ఇదే మొదలు" అంటూ సగం కోడలికిచ్చింది. ఆకు జిగురు అంటుకుని చేదుగా ఉంది. అత్తయ్య మాత్రం కళ్ళు మూసుకుని, మోచేతుల దాకా రసం కారుతుంటే తింది. తర్వాత తొక్కలు మట్టిలో పాతిపెట్టింది, సొంత చేలో కాయకి దొంగలా.

"ఎవరికీ చెప్పకేం" అంది అత్తయ్య. "ఇంకోటి విను, నువ్వు మిషను పని మానకే పిల్లా. ఈ సూది ఒకసారి పట్టుకున్నావంటే, చచ్చేదాకా అది నిన్ను వదలదు."

శ్మశానంలో గోధుమలు, రొట్టె, మిరపకాయల కూర పంచడం అయింది. తిన్న ప్రతివాళ్ళూ వాడుక ప్రకారం "దేవుడామెని క్షమించుగాక" అన్నారు. అప్పుడు రుమ్యానా సంచిలోంచి పుచ్చకాయ తీసి కోసింది. టోన్యో అలవాటుగా పళ్ళెం చాపాడు. ఆమె నడిమి ముక్క తీసుకుని సమాధి పక్క బెంచీ మీద కూర్చుని, తనే కొరికింది.

పక్కింటి స్టోయ్నా బుగ్గలు నొక్కుకుంది. "అదేంటే, మామగారి పళ్ళెం ఖాళీగా ఉంటే!"

"పోయినావిడకి ఇష్టమైనది పంచాలి కదా, పిన్నీ. ఆవిడ బదులు తింటున్నా."

"దానికి పుచ్చకాయ ఇష్టమని నీకెవరు చెప్పారు?" అన్నాడు టోన్యో.

"ఆవిడే. పాక వెనకాల, మీ కంటపడకుండా."

తినడం అయ్యాక అందరూ ఆమె నోటివంక చూశారు, తనూ "క్షమించుగాక" అంటుందని. రుమ్యానా మూతి తుడుచుకుంది.

"క్షమించడానికి ఆవిడ చేసిన తప్పేమిటి?"

వెల్కో చెయ్యి పట్టుకోబోయాడు. "రుమ్యానా, ఇంటికి వెళ్ళి మాట్లాడుకుందాం."

"మాట్లాడేదేం లేదు. రేపు నేను మిషను దగ్గరికి పోతున్నా."

సంచి అడుగునుంచి మూరెడు ఇనుప సూది తీసింది. దాన్ని మామగారి ఖాళీ పళ్ళెంలో అడ్డంగా పెట్టింది.

"ఎండెక్కకముందే లేవండి, మామయ్యా."