పెట్టె దగ్గర ఒక్కదాన్నే

ఓట్ల పెట్టెను మా ఊరి టౌన్‌షిప్ హాలు నుంచి జిల్లా కేంద్రంలోని కౌంటీ ఆఫీసుకు చేర్చేటప్పుడు బండిలో ఇద్దరుండాలి. ఒకరు ఈ పార్టీ, ఒకరు ఆ పార్టీ. ఎవరినీ నమ్మలేరు కనుక ఇద్దర్నీ కలిపి పంపిస్తారన్నమాట. మా మిషిగన్ రాష్ట్రంలో అది చట్టం. ఎదురింటి గెరిట్‌కూ నాకూ మాత్రం అదొక సరదా. పెట్టెను మా మధ్య కూర్చోబెట్టుకుని, అతని ట్రక్కులో దారి పొడవునా ఒకరి పార్టీని ఒకరం తిట్టిపోసుకునేవాళ్లం. ముప్పై ఏళ్ల ఇరుగుపొరుగు. ఊరెళితే ఇంటి తాళంచెవి నా చేతికే ఇచ్చి వెళతాడు.

ఈసారి అధ్యక్ష ఎన్నిక ముగిశాక ఎప్పటిలాగే పెట్టెకు సీలు వేయించుకుని బయల్దేరాం. చీకటి పడిపోయింది. మొక్కజొన్న చేల మధ్య ఒక జింక రోడ్డుకు అడ్డంగా దూకింది. నవంబరు జత కట్టే కాలం, జింకలకు ఒళ్లు తెలియదు. ట్రక్కుకు తగిలి అక్కడికక్కడే చచ్చింది. బుద్ధున్నవాళ్లయితే ముందుకు సాగిపోయేవారు. కానీ మా కౌంటీలో పుట్టినవాడెవడూ అంత మాంసాన్ని రోడ్డు మీద వదిలిపోడు, గెరిట్ అసలే పోడు. ఎత్తడానికి టార్పాలిన్ కావాలంటూ పొలం అవతలి ఇంటికి నడిచి వెళ్లాడు. నేను తలుపులు బిగించుకుని పెట్టె పక్కన కూర్చున్నాను. అతను వచ్చాక ఇద్దరం రొప్పుతూ జింకను చుట్టి ట్రక్కు వెనక పడేశాం. ఆఫీసులో పెట్టె అప్పగించాం. సీలు నంబరు సరిచూసుకున్నారు. ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను.

మమ్మల్ని ఎవరు వీడియో తీశారో ఇప్పటికీ తెలియదు. గెరిట్ వాళ్ల అభ్యర్థి మా రాష్ట్రంలో కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడని తేలగానే అది బయటికొచ్చింది. చీకట్లో ఇద్దరు ఒక మూట ఎత్తుతున్నారు. గెరిట్ వీపు మాత్రమే కనిపిస్తోంది. నా మొహం మీద లైటు పడి అద్దంలో చూసుకున్నంత స్పష్టంగా ఉంది. కింద ‘దొంగ ఓట్ల మూట’ అని రాశారు. జింక కాలొకటి బయటికి వేలాడుతూనే ఉంది. చూడదలుచుకోని వాడికి ఏనుగు కూడా కనపడదు.

నేను పిల్లలకు పియానో నేర్పుతాను. రెండు రోజుల్లో తల్లులందరికీ ఏవో పనులు పడ్డాయి, పిల్లలు రావడం మానేశారు. ఫోన్ ఎత్తితే అవతల ఎవరో ఊపిరి పీల్చడం వినిపించేది. ఒక బూడిదరంగు కారు మా వాకిట్లో ఆగేది, ఎవరూ దిగేవారు కాదు, కాసేపుండి వెళ్లిపోయేది. ఒంటరిదాన్ని. భయమేసింది. దాచుకోవడమెందుకు, చెత్తడబ్బా రోడ్డు దాకా తోసుకెళ్లడం కూడా మానేశాను.

ఆ మూటలో ఉన్నది జింక అని చెప్పగలిగేవాడు ఈ భూమ్మీద ఒక్కడే. అవతలి పార్టీవాడు చెబితేనే అవతలి పార్టీవాళ్లు నమ్ముతారు. ఆ ఒక్కడి నోటికేమో తాళం పడింది. వెళ్లి గెరిట్‌ను అడిగాను.

“ఆలోచించుకోనీ మార్లిస్,” అన్నాడు, తలుపు సగమే తెరిచి. “చర్చిలో నా పక్కన కూర్చునేవాళ్లంతా మా పార్టీవాళ్లే.”

“నా వాకిట్లో కారు ఆపేది కూడా వాళ్లే,” అన్నాను.

కౌంటీలో ఫలితాన్ని ఖాయం చేసే సభ రానే వచ్చింది. బల్ల వెనక నలుగురు సభ్యులు, ఇద్దరు ఈ పార్టీ, ఇద్దరు ఆ పార్టీ. ముగ్గురు ఒప్పుకుంటే గాని మా కౌంటీ ఓట్లు ఖాయం కావు. హాలు కిక్కిరిసింది. నేను గోడవార కూర్చుంటే చుట్టూ కుర్చీలు ఖాళీగా వదిలేశారు. నా పేరు ఎత్తినప్పుడల్లా తలలన్నీ ఇటు తిరిగేవి. చేతులు ఒళ్లో పెట్టుకుని నేలచూపులు చూస్తూ కూర్చున్నాను.

గెరిట్ లేచాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని మైకు ముందుకు నడిచాడు. వీడియోలో ఆ వీపు తనదేనని చెప్పాడు. జింక సంగతి, టార్పాలిన్ సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. నా గుండెల మీంచి బరువు దిగింది.

అప్పుడు లేచాడు హార్లన్. గెరిట్‌తో పాటు చర్చిలో కానుకల పళ్లెం తిప్పే మనిషి.

“నువ్వు టార్పాలిన్ కోసం వెళ్లినప్పుడు పెట్టె దగ్గర ఎవరున్నారు గెరిట్?”

గెరిట్ అబద్ధమాడడు. ఆ గుణం చూసే నేను అతని పక్కన కూర్చోవడానికి ఏనాడూ వెనకాడలేదు.

“మార్లిస్.”

“ఒక్కతేనా?”

“ఒక్కతే.”

హాలంతా గోలెత్తిపోయింది. నా వెనకనుంచి ఎవరో తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. ఆమె పెట్టె ముట్టుకోలేదని ప్రమాణం చేస్తావా అని అడిగాడు హార్లన్. చేస్తాను, ఆమెను నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు అన్నాడు గెరిట్. తెలియడం కాదు, చూశావా అన్నాడు హార్లన్.

గెరిట్ టోపీ అంచును వేళ్లతో నలుపుతూ నిలబడ్డాడు.

“చూడలేదు,” అన్నాడు.

చివరికి ముగ్గురు చేతులెత్తారు, ఓట్లు ఖాయమయ్యాయి. సీలు చెక్కుచెదరలేదు, కాదనడానికి దారి లేదు. పేపర్లవాళ్లు ప్రజాస్వామ్యం నిలబడిందని రాసుకున్నారు. నన్ను మాత్రం ఇద్దరు పోలీసులు వెనక తలుపులోంచి కారెక్కించి ఇంట్లో దింపారు.

మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం గెరిట్ వచ్చాడు. హార్లన్ వాళ్లెవరూ తనతో మాట్లాడటం లేదట, చర్చిలో తన బెంచీ మీద ఎవరూ కూర్చోలేదట. నా కోసం అంత పోగొట్టుకున్న మనిషి. లోపలికి రమ్మన్నాను, కాఫీ ఇస్తానన్నాను. రాలేదు. గడప అవతలే నిలబడి చలిలో అరచేతులు రుద్దుకుంటున్నాడు.

“ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు,” అన్నాడు. “నేను టార్పాలిన్‌కి వెళ్లినప్పుడు... ఏం జరగలేదు కదా?”

“నిన్న నువ్వే కదా ప్రమాణం చేశావు,” అన్నాను.

“చేశాను. అయినా నీ నోటితో ఒక్కసారి వింటే...”

“ఏమీ జరగలేదు గెరిట్.”

సరేనన్నట్టు తలూపాడు. కానీ కదల్లేదు. హాల్లో వాళ్లు చూసినట్టే నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ కారును చూసినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు. అతను రోడ్డు దాటి తన ఇంట్లోకి వెళ్లేదాకా చూసి, తలుపేసి గడియ పెట్టుకున్నాను.