వెయ్యిన్ని ఎనభై గీతలు

"పాతదే నయం!" అని వెనక వరుసలోంచి ఎవరో అరిచారు. కాలనీ క్లబ్బు గది గొల్లున నవ్వింది.

బోగ్నా చేతిలో ఓటు చీటీలు నలిగిపోతున్నాయి. మొత్తం ఇరవై ఆరు. ఇరవై రెండు ఎడమ టీవీకే పడ్డాయి. ఎడమ టీవీలో ఆడింది పదేళ్ళ నాటి డీవీడీ. కుడి టీవీలో ఆడింది శుక్రవారం విడుదలైన బ్లూరే. సినిమా రెండింట్లోనూ ఒకటే. 1964లో ఇక్కడే, తోరున్‌లో, విస్తులా నది ఒడ్డున తీసిన పడవవాళ్ళ కథ. ఏ టీవీలో ఏ డిస్కు ఉందో చెప్పకుండా పది నిమిషాలు పక్కపక్కనే ఆడించి, బాగున్నదానికి ఓటెయ్యమన్నారు. చెప్పొద్దన్నది బోగ్నాయే. గెలుపు మీద ఆమెకి అంత ధీమా.

బ్లూరే పెట్టె వెనక, అడుగున, చీమంత అక్షరాల్లో 'చిత్ర పునరుద్ధరణ: కింగా స్రోకా' అని ఉంది. బోగ్నా కూతురు. పదకొండు నెలలు వార్సాలో కిటికీ లేని గదిలో కూర్చుని, లక్షా ముప్పై వేల ఫ్రేముల మీది దుమ్మూ గీతలూ ఒక్కొక్కటిగా తుడిచింది. ఆ పేరు బోగ్నా ఈ కాలనీలో చూపించని గుమ్మం లేదు.

ఐదింటికి కింగా రైలు దిగుతుంది. ఇప్పుడు నాలుగున్నర.

"పదకొండు నెలలు తుడిచి తుడిచి మొహాలు కూడా చెరిపేసినట్టుందే మీ అమ్మాయి!" గెర్తా మామ్మ గసగసాల కేకు నములుతూ అంది. "మూడో పడవలో ఉన్నది నేనేనని నలభై ఎనిమిదేళ్ళుగా మొత్తుకుంటున్నాను. కొత్తదాంట్లో అయినా కనిపిస్తానేమో అనుకున్నా. డీవీడీలో పిండిముద్దలా ఉన్నాను. ఇందులో ఆ ముద్ద కూడా లేదు."

"కాస్త ఆగు మామ్మా. ఇందులో ఏదో మోసం జరిగింది."

"మోసమా? ఎవరు చేశారమ్మా?"

బోగ్నా చూపు రిదెల్ మీదికి వెళ్ళింది. ఆయన చేతులు కట్టుకుని ఎడమ టీవీ పక్కనే నించున్నాడు. పదిహేనేళ్ళు వీధికి ఆ పక్క ఆయన డిస్కుల అద్దె దుకాణం, ఈ పక్క ఆమెది. ఇప్పుడు రెండూ మూతపడ్డాయి, పోటీ మాత్రం మూతపడలేదు. ఇవాళ్టి ఏర్పాటు కూడా చెరిసగమే. ఎడమ బల్ల ఆయనది, కుడి బల్ల ఆమెది. సహకార సంఘం ఇచ్చిన టీవీలు రెండూ ఒకే రకం.

పొద్దున ఆయన సన్నటి నల్ల వైరొకటి తీసుకొచ్చి తన ప్లేయరుకి తగిలిస్తుంటే బోగ్నా ఊరుకోలేదు. "ఏంటి రిదెల్ గారూ, బూటు లేసు విప్పి తెచ్చారా?" అంది. "ప్లేయరు పెట్టెలో వచ్చిందండీ, అదే తెచ్చా" అన్నాడాయన. బోగ్నా తన దుకాణం అద్దాల బీరువాలోంచి తెచ్చిన వైరు చూపించింది. బొటనవేలంత లావు, కొసన బంగారు పూత పూసిన మూడు పిన్నులు, పసుపూ ఎరుపూ తెలుపూ. ఇరవై ఏళ్ళలో ఎవరికీ అరువివ్వని వైరు. కూతురి సినిమాకని ఇవాళ బయటికి తీసింది.

బోగ్నా కుడి ప్లేయరు మీట నొక్కింది. అర బయటికొచ్చింది. డిస్కు తీసి వెలుగులో తిప్పింది. అడుగున నీలి మెరుపు. అంచున సంస్థ ముద్ర. మార్చలేదు, బ్లూరేయే. మళ్ళీ లోపలికి తోసి, బొమ్మ పడగానే ఆపి ఉంచింది.

రెండు రిమోట్లు తీసుకుని రెండు టీవీల్లో వెలుగు, నలుపు, పదును అన్నీ పోల్చింది. అంకెలన్నీ ఒకటే.

"తేలిందా?" అన్నాడు రిదెల్.

"మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు గదిలో ఉన్నది మీరొక్కరే కదూ?"

"కుర్చీలు వెయ్యమన్నది మీరే కదండీ."

"కుర్చీలు వేస్తూ వేస్తూ నా టీవీ వెనక్కి కూడా వెళ్ళారా?"

రిదెల్ చెవులు ఎర్రబడ్డాయి. "పదిహేనేళ్ళు మీతో పోటీ పడ్డాను. ఏనాడైనా మీ దుకాణంలో డిస్కు మీద చిన్న గీత పెట్టానా?" అంటూ కుడి బల్ల వెనక్కి వెళ్ళి వంగి చూశాడు.

చూసి చాలాసేపు లేవలేదు. లేచాక ముందు బోగ్నా మొహంలోకి, తరవాత నేల మీదికి చూశాడు.

"ఏముందక్కడ? చెప్పండి."

"నన్నడక్కండి. మీ అమ్మాయి వస్తోందిగా, తనే చూస్తుంది."

"చూశారా, గొంతు ఎలా మారిపోయిందో!" బోగ్నా అందరివైపూ తిరిగింది. "చేసింది ఎవరో ఇంకా చెప్పాలా?"

గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో రిదెల్ కూర్చునే కుర్చీ పక్కకి లాగేశారు. ఆయన వెళ్ళి గోడకి ఆనుకున్నాడు.

ఐదు దాటాక తలుపు తెరుచుకుంది. భుజాన సంచీతో కింగా వచ్చింది. కుడి టీవీలో ఆగి ఉన్న బొమ్మ చూడగానే నవ్వు ఆరిపోయింది.

"అమ్మా, ఇదేంటి? ఇది నేను చేసిన బొమ్మ కాదే!"

సంచీ కింద పడేసి టీవీ వెనకకి దూరింది. వైర్లు తడిమి చూసింది. తరవాత అక్కడినించే అంది, "ఎవరో పాత రకం వైరు పెట్టారు, పసుపు పిన్నుది. డీవీడీలో బొమ్మకి ఐదువందల డెబ్భై ఆరు గీతలుంటాయి. బ్లూరేలో వెయ్యిన్ని ఎనభై. ఈ పిన్నులోంచి పాత లెక్క మాత్రమే దాటుతుంది, అదీ అలికేసినట్టు. ఎడమవైపు సన్న వైరు పెట్టినవాళ్ళు సరిగ్గా పెట్టారు. ఓడిపోయింది డిస్కు కాదు, వైరు."

కుడి ప్లేయరుతో వచ్చిన సన్న నల్ల వైరు పెట్టెలో కవరు కూడా విప్పకుండా పడి ఉంది. కింగా దాన్ని తీసి తగిలించింది.

బొమ్మ పడింది.

నది మీద ఎండ ముక్కలు ముక్కలుగా మెరిసింది. తాళ్ళ పీచులు లెక్కపెట్టచ్చు. మూడో పడవ దగ్గరికొచ్చింది. అందులో పందొమ్మిదేళ్ళ పిల్ల, మోచేతి దగ్గర కోటుకి నక్షత్రం ఆకారంలో మాసిక, నవ్వితే పక్కపన్ను మీద ఇంకో పన్ను.

గెర్తా మామ్మ చేతిలో కేకు కింద పడింది. నోరు తెరిచి తన పన్ను తనే తడుముకుంది. గదిలో అందరూ ఆమె నోటికేసీ టీవీకేసీ మార్చి మార్చి చూశారు.

"నేనే!" అంది మామ్మ. "ఆ మాసిక మా అమ్మ వేసింది. ఇన్నాళ్ళూ నన్ను అబద్ధాలకోరన్నారు కదర్రా!"

వెనక వరుసలో ఇందాక పాతదే నయం అని అరిచినాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. తక్కిన వాళ్ళూ లేచారు. మామ్మ కింగా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. బోగ్నా గుండె కోటు గుండీలు తెగేంత పొంగింది. నా కూతురు. నలభై ఎనిమిదేళ్ళు ఎవరూ నమ్మని మనిషికి మొహం తెచ్చిచ్చింది.

చప్పట్లు ఆగాక మామ్మ గోడవైపు తిరిగింది. "ఇంత బంగారంలాంటి బొమ్మని పాడుచెయ్యాలనుకున్న ఆ మహానుభావుడెవరో తేలాలి. ఏం రిదెల్, నువ్వేనా? నోరు విప్పు."

ఇరవై ఆరు తలలు గోడవైపు తిరిగాయి. రిదెల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బోగ్నా వైపు చూడలేదు.

బోగ్నా బల్ల కిందికి చూసింది. ఆయనకి తెలుసు, వంగి చూసినప్పుడే తెలుసు. పెట్టింది అమ్మేనని కింగాకి తెలీదు. ఎవరూ వెతకరు. వైరు బల్ల కింద చుట్టగా పడి ఉంది, కాలితో లోపలికి నెడితే చాలు. తెర మీద కూతురి పని వెయ్యిన్ని ఎనభై గీతల్లోనూ వెలిగిపోతోంది, ఎక్కడా మరక లేదు. దాని ముందు నించుని అబద్ధాన్ని చూస్తూ ఊరుకోవడం ఆమెకి చేతకాలేదు.

వంగి వైరు తీసి, మూడు బంగారు పిన్నులూ అందరికీ కనబడేలా పైకెత్తింది.

"ఆయన్ని కూర్చోబెట్టండి. కుర్చీ వెనక్కివ్వండి," అంది. తల దించలేదు. "ఈ వైరు నాది. పెట్టింది రిదెల్ గారు కాదు. నేను. బోగ్నా స్రోకా."