యజమాని మనస్సాక్షి

చిన్నకూతురు హ్యాటీ పుట్టిన వారానికే కోరీన్ స్టబ్స్ చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. పడుకుంటే ఊపిరి అందదు. కూర్చుంటే కాళ్లు స్తంభాల్లా వాచిపోతాయి. బాలింత నలత అనుకుని మొదట ఎవరూ పట్టించుకోలేదు. చివరికి భర్త టెరిల్ భయపడి అంబులెన్సును పిలిస్తే స్ప్రింగ్‌ఫీల్డ్ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కాన్పుతో గుండె కండరం నీరసించిపోయిందని అక్కడి డాక్టర్లు చెప్పారు.

ఆ రోజుల్లో ఆమెను ఆదుకున్నది హార్లన్. కోరీన్ అల్మారా తలుపులకు గరుకు కాగితంతో నునుపు పట్టే కర్మాగారం ఆయనదే. వాళ్లు వెళ్లే చర్చిలో పెద్ద కూడా ఆయనే. రంపాలన్నీ ఆపించి పనివాళ్లందరిచేతా ఆమె కోసం ప్రార్థన చేయించాడు. పిల్లలు పస్తుండకూడదని ఆయన భార్య రోజూ కోడిమాంసం వంటకమో బీన్సు పులుసో వండి పంపింది. ఆసుపత్రిలో కోరీన్ కళ్లు తెరిచేసరికి మంచం పక్కన టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఆయనే. ఆమె తిరిగి లేచి వచ్చేదాకా ఆ ఉద్యోగంలో ఇంకొకరిని పెట్టుకోలేదు. ఆ మేలు కోరీన్ మరిచిపోయే మనిషి కాదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

హ్యాటీకి నడక వచ్చాక డాక్టరమ్మ కోరీన్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. "ఇంకో కాన్పంటే నేను హామీ ఇవ్వలేను. గర్భం రాకుండా వాడే మామూలు మాత్రలు నీ గుండెకు పడవు. ఆపరేషన్ చేద్దామంటే మత్తుమందుకు భయం. గర్భసంచిలో లూప్ వేయించుకో. చిన్న పని, ఏళ్ల తరబడి నిశ్చింత."

కర్మాగారం ఇచ్చే బీమాలో లూప్‌కు చోటు లేదు. లూప్ అంటే అప్పటికే కడుపులో పడ్డ ప్రాణాన్ని తీసేయడమేనని హార్లన్ నమ్మకం. అలాంటి దానికి తన కంపెనీ సొమ్ము వెళ్లడం పాపమని ఆయన ఎప్పటినుంచో అంటున్నాడు. వాషింగ్టన్‌లో పెద్ద కోర్టు, మతనమ్మకం కొద్దీ కాదనే యజమానుల పక్షాన తీర్పు చెప్పాక బీమాలోంచి దాన్ని తీయించేశాడు. ఆ సంగతి భోజనాల గదిలో అందరికీ చెప్పాల్సి వచ్చింది ఆఫీసులో పనివాళ్ల వ్యవహారాలు చూసే మర్లాకు. నేల చూపులు చూస్తూ గబగబా చెప్పేసి వెళ్లిపోయింది. కోరీన్ అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. కడుపుతో ఉంది మరి.

ఇప్పుడు కోరీన్ ఆ మర్లా బల్ల ముందే వచ్చి కూర్చుంది.

మర్లా తలుపు మూసి వచ్చి గొంతు తగ్గించింది. "కోరీన్ గారూ, నెలసరి మరీ ఎక్కువగా అవుతోందని రాయించుకురండి. రక్తస్రావానికి వైద్యమంటే ఆయన అడ్డు చెప్పరు."

"నాకు ఆ బాధ లేదే."

"లేదని ఎవరొచ్చి చూస్తారు? మన దగ్గర సగంమంది ఆడవాళ్లకు రక్తస్రావమే. కాగితాల మీద చూస్తే ఈ కర్మాగారం ఎర్రగా పారుతుండాలి."

కోరీన్‌కు నవ్వొచ్చింది కానీ నవ్వే ఓపిక లేకపోయింది. "చావుబతుకుల్లో ఉంటే నా మంచం పక్కన కూర్చున్న మనిషి, మర్లా. ఆయన దగ్గర అబద్ధం ఎందుకు? ఉన్నదున్నట్టు చెప్తే కాదంటాడా?"

మర్లా కలం మూత తీసి, మళ్లీ పెట్టింది.

మధ్యాహ్నం విరామంలో కోరీన్ వార్నిష్ గది వెనక హార్లన్‌ను పట్టుకుని మొత్తం చెప్పింది. కోడలి వయసు ఆడదాని నోట ఇలాంటి మాటలు వినాల్సి వచ్చినందుకు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని గోడకు ఆనుకున్నాడు.

"నా కూతురే అడిగినా ఇదే చెప్పేవాణ్ని, సిస్టర్. అడిగింది నువ్వని కాదంటున్నానని అనుకోకు."

"బ్రదర్, నేను కడుపులో ఉన్నదాన్ని తీయించమనట్లేదు. అసలు పడకుండా చూసుకోమంటోంది డాక్టరు."

"అది ఎలా పనిచేస్తుందో నేను చదివాను."

"డాక్టరమ్మ కూడా చదివిందిగా. అలా కాదంటోంది."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్లు కావని కోరీన్‌కు తెలుసు. "దీనికోసం మోకాళ్ల మీద ఎన్ని రాత్రులు గడిపానో నీకు తెలియదు. రేపు దేవుడు నన్నే అడుగుతాడు. ఇంకేం కావాలన్నా అడుగు. పిల్లలకు బట్టలా, పని తగ్గించాలా? నీ కోసం రోజూ ప్రార్థిస్తాను."

"మీరు మోకాళ్ల మీద ఉన్నప్పుడు నేను ముక్కులో గొట్టంతో పడుకుని ఉన్నాను, బ్రదర్," అంది కోరీన్. గొంతు పెంచలేదు. గంట కొడితే పనిలోకి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి చెప్తే టెరిల్ తల గోక్కున్నాడు. లారీ నడిపే మనిషి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ తానే చేయించుకుంటానని హ్యాటీ పుట్టినప్పటి నుంచీ అంటూనే ఉన్నాడు. తీరా తేదీ దగ్గరపడేసరికి పక్క రాష్ట్రం అర్కన్సాకు ఏదో ఒక సరుకు వచ్చిపడుతుంది.

"ఈసారి కచ్చితంగా వెళ్తా, కోరీ."

"అర్కన్సాకా?"

"నన్నలా పొడవకు. సోఫాలో పడుకుని పడుకుని నా నడుము చెక్కయిపోయింది."

"నాకు నిన్ను పొడిచే ఓపిక కూడా లేదు, టెరిల్. నువ్వు చేయించుకునేదాకా నా గుండె ఆగుతుందా, ఆగిపోతుందా?"

టెరిల్ గిన్నెలు కడగడానికి లేచాడు.

రెండు జిల్లాల అవతల ఒక క్లినిక్ ఉందని, అక్కడ ఎవరి సంపాదనను బట్టి వాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటారని డాక్టరమ్మే చెప్పింది. కోరీన్ మొదట్లో దానికి ఇష్టపడలేదు. ఇన్నేళ్లు దుమ్ము మింగి సంపాదించుకున్న బీమా ఉండగా దిక్కులేనిదానిలా వెళ్లడమేమిటని ఆమె పంతం. ఇప్పుడు ఆ పంతం కూడా అలిసిపోయింది. ఒక రోజు జీతం వదులుకుని, హ్యాటీని అత్తగారింట్లో దింపి, కొండదారి మలుపుల్లో ఒక్కతే కారు నడుపుకుంటూ వెళ్లింది.

క్లినిక్ ఒకప్పుడు చెప్పుల దుకాణమట. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. మూలగా ఒక్కటి ఖాళీ ఉంటే కూలబడి పక్కకు చూసింది. వేటగాళ్ల టోపీ కళ్లదాకా లాక్కుని పత్రికలో తల దూర్చి కూర్చున్న మనిషి మర్లా.

మర్లా పత్రికలో ఒక పేజీ తిప్పింది.

"మీరు నన్ను చూడలేదు," అంది మర్లా పత్రికలోంచే.

"ఎవర్ని చూడలేదు?"

మర్లా పత్రిక దించింది. మొహం పాలిపోయి ఉంది. "పెళ్లికి ముందునుంచీ ఇక్కడికే వస్తున్నా. ఆ రోజు మీకు చెప్పాలనుకున్నా. నోటిదాకా వచ్చింది. పనివాళ్లకు ఇలాంటి చోట్లు చూపించొద్దని ఆయన నాకు గట్టిగా చెప్పారు. మా ఆయనకు పని పోయింది. నా ఉద్యోగం కూడా పోతే ఎలా?"

కోరీన్‌కు కోపం రావాల్సింది. ఎంత వెతుక్కున్నా దొరకలేదు. "అందుకని రక్తస్రావమని చెప్పమన్నావా?"

"నాకు తెలిసిన సాయం అదొక్కటే."

"నువ్వు కూడా అదే రాయించుకోవచ్చుగా?"

"మిగతావాళ్ల కాగితాలు చూసేది నేనే కదా. నా కాగితం మాత్రం ఆయనే చూస్తారు." మర్లా టోపీ తీసి జుట్టు సవరించుకుంది. "ఈ ఉద్యోగంలో అబద్ధాలన్నీ పక్కవాళ్లకే పనికొస్తాయి, కోరీన్ గారూ."

లోపలికి ముందు మర్లాను పిలిచారు. వెళ్తూ వెళ్తూ తన సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసి కోరీన్ ఒళ్లో పెట్టింది. "అయ్యాక కళ్లు తిరుగుతాయి. ఏదైనా తిని కారు తియ్యండి."

కోరీన్ పని కూడా ఎక్కువసేపు పట్టలేదు. నొప్పికి పళ్లు బిగబట్టింది, అంతే. బయటికొచ్చి కారులో కూర్చుని బిస్కెట్లు తింటూ ఏడ్చింది. ఇంత చిన్న పని కోసం ఇన్ని నెలలు భయపడుతూ పడుకోవాల్సి వచ్చిందే అనిపించింది.

తర్వాతి వారం హార్లన్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మనిషి చిక్కినట్టున్నాడు. "నీ సంగతి మరిచిపోలేదు, సిస్టర్. ఏదైనా దారి చూపించమని అడుగుతూనే ఉన్నాను."

"దారి దొరికింది, బ్రదర్. ఇక అడగక్కర్లేదు."

ఏ దారి అని ఆయన అడగలేదు. భుజాల బిగువు సడలింది, మొహం తేటపడింది. తన చేతికి మట్టి అంటకుండా పని జరిగిపోయిందన్న నిమ్మళం అది. కోరీన్ దాన్ని కళ్లారా చూసింది. ఆయన కాదన్న రోజున కూడా ఆమెకు అంత నీరసం రాలేదు.

"దేవుడు మంచివాడు," అన్నాడు హార్లన్.

"మంచివాడే. కారు మాత్రం నేనే నడుపుకుంటూ వెళ్లాను."

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

వసంతంలో బడి వంటగదిలో ఖాళీ ఉందని తెలిసి కోరీన్ అందులో చేరింది. జీతం కాస్త తక్కువ, దుమ్ము లేదు. ఆమె పనితనం గురించి బడివాళ్లు అడిగితే హార్లన్ ఎంతో గొప్పగా చెప్పాడట. ఎందుకు మానేస్తున్నావని మాత్రం ఆమెను అడగలేదు. ఆదివారాలు చర్చి గుమ్మంలో ఇప్పటికీ చెయ్యి కలుపుతాడు, హ్యాటీ బుగ్గ తడతాడు. కోరీన్ కూడా మర్యాదగానే పలకరించి, పిల్లల్ని వెంటపెట్టుకుని వెనక వరసలోకి వెళ్లి కూర్చుంటుంది.